పైన ఉన్న మూడు వరసలు

"ఫ్లాపీలు తమ్మునికియ్యి. నా పేరు మాత్రం తియ్యనియ్యకు," అన్నాడు దవాఖాన మంచం మీద నా పెనిమిటి.

"నువ్వే ఇచ్చుకుందువు తీ. ముందు గంజి తాగు," అన్నాను. మా మధ్య అవే చివరి మాటలు.

రాసుకో బిడ్డా. తమ్ముడంటే మీ నాయినే. నువ్వప్పటికి పుట్టలేదు. హుజూర్‌నగర్‌లో మాకు కంప్యూటర్ నేర్పే గది ఉండేది. తెర మీద తెలుగు అక్షరాలు రావాలని ఆయన మూడేళ్లు కూర్చుని ప్రోగ్రాం రాశాడు. కంప్యూటర్ నడవడానికి ఆయన వాడేది బీఎస్‌డీ, మీ నాయిన వాడేది లినక్స్. రెండూ ఊరికే పంచుకునేవే. మరి తగాదా ఏమిటంటే, ప్రోగ్రాంని పెరుగు తోడు అనుకో. తోడు తీసుకుపో, పెరుగు అమ్ముకో, ఎవరింటి తోడో మాత్రం చెప్పు అంటారు మా ఆయన వైపువాళ్లు. ఆ పెరుగు ఇచ్చేవాడు తోడు కూడా దాచకుండా ఇవ్వాల్సిందే అంటారు మీ నాయిన వైపువాళ్లు. ఆదివారం అన్నం ముందు అన్నదమ్ములు దీనికే అరుచుకునేవారు. అయినా అన్న ప్రోగ్రాంలో ఒత్తులు పక్కకు జరిగిపోతుంటే సరిచేసింది మీ నాయినే. అది దాచను.

ఆయన పోయాక ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ ఒకటి మీ నాయినకు పంపాను. అక్షరాల రూపాలున్న రెండోది, పేరు ఉంచారని చూశాక ఇద్దామని, నా దగ్గరే ఉంచుకున్నాను. అది లేకుంటే మొదటిది ఉత్తదే. దానికోసం మీ నాయిన నల్లగొండ నుంచి వచ్చాడు, వాళ్ల లినక్స్ గుంపు పంచబోయే ప్రోగ్రాంని కాగితం మీద అచ్చు తీసుకుని. నాకు ఇంగ్లీషు రాదు. కానీ మా ఆయన తీసిన ప్రతి అచ్చులో పైన మూడు వరసలు, వాటిలో ఆయన పేరు ఉండేవి. ఆ పేరు రూపం నాకు తెలుసు. ఈ కాగితంలో అది లేదు. పైన ఉన్న పొడవాటి రాత తమ షరతులని మీ నాయినే చెప్పాడు.

"గీడ ఆయన పేరేది?"

"మా దాంట్ల కలిపినం కద వదినే. అందరిదీ అన్నంక పేరెందుకు?"

"అందరిదైతే మీ షరతులెందుకు పెట్టిన్రు పైన?"

"గివన్నీ నీకేం తెల్సు? ఇంట్ల కూసోరాదు!"

"ఇంట్లనే కూసున్న. ఫ్లాపీ నా పెట్టెల ఉన్నది. తీస్కపో, చూస్త."

మొగుడు పోయినదానికి ఇంత నోరేమిటన్నారు చుట్టాలు. అననీ. ఇవ్వలేదు.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చాడు. వాళ్ల గుంపువాళ్లే చీవాట్లు పెట్టారట: "ఆయన పెట్టిన ఒక్క షరతు మనం తుడిస్తే, రేపు మన షరతు ఎవడు ఖాతరు చేస్తడు?" కొత్త కాగితంలో పైన ఆ మూడు వరసలు, వాటి కింద వాళ్ల షరతులు. వేలు పెట్టి చూసుకుని, అప్పుడిచ్చాను ఫ్లాపీ.

ఇది చూస్తే మీ నాయినకు కోపమొస్తుంది. రానీ. పేరు తుడిచాడన్న చోట నువ్వు మెత్తగా రాసి ఉంటావు, కన్నతండ్రి కదా. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు.