దేముడమ్మక్క సరుకుల గది

మా బావగారు జగ్గారావు కాలి బొటనవేలు ఎలుక కొరికింది. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆదమరిచి పడుకున్న మనిషిని, పట్టపగలు, సొంతింట్లో! ఆ కేకకి మా వరసలో ఇళ్ళన్నీ కదిలొచ్చాయి. నేనూ పరిగెత్తాను. నవ్వకూడదని పమిట చెంగు నోట్లో కుక్కుకున్నాను గానీ, నవ్వు ఆగితేనా!

"ఇయ్యాల ఎలక కొరికింది. ఇంకో నాలుగు బస్తాలొస్తే పందికొక్కు కొరుకుతాది!" అని బావగారు ఒంటికాలి మీద గెంతుతూ అరిచారు. "ఒలే దేముడూ, ఈ ఇంట్లో నానుండాలా, నీ బస్తాలుండాలా, తేల్చీ!"

మా తోటికోడలు దేముడమ్మ ఏమాత్రం తొణక్కుండా వేలికి పసుపు అద్దింది. "ఎలక కొరికిందంటే ఇంట్లో గింజలున్నట్టే కదేటి? లేనోళ్ళింటికి ఎలకెందుకెల్తాది?" అంది. ఆవిడతో వాదించి గెలిచినవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు.

స్టీలుప్లాంటు కడుతున్న రోజులవి. బావగారూ, మా ఆయన గవర్రాజూ అన్నదమ్ములిద్దరూ అక్కడే పనిలో కుదిరారు. భోగాపురం దగ్గర పల్లెలో ఉన్న కాస్త భూమీ కౌలుకిచ్చేసి, కూర్మన్నపాలెంలో ఓ పెంకుటిళ్ళ వరసలో పక్కపక్క వాటాల్లో దిగాం. వాటా అంటే ఎంత? ఒక గది, ఒక వంటిల్లు, ముందు ఓ వసారా. మా అక్క వాటాలో గది సరుకులది. వసారా బావగారిది. వంటింట్లో ఆవిడ పడుకునేది.

ఆ గది చూడాలి మీరు! వేపాకు వేసి మూతికి గుడ్డ కట్టి, పైన మట్టి మెత్తిన బియ్యం బానలు. ఎర్రమట్టి పట్టించిన కందులు. బూడిద కలిపిన ఉలవలు. గింజ తీసి, ఉప్పు కొట్టి, ముద్దలు చేసిన చింతపండు జాడీలు. ఆవకాయ ఈ ఏటిది, పోయినేటిది, అంతకు ముందు ఏటిది. గంగవరం నుంచి నూకాలు గంపతో తెచ్చే ఎండుచేపలు దూలానికి మూటలు కట్టి వేలాడేవి. మంచం ఇటుకల మీద ఎత్తి పెట్టి, దాని కింద ఎండు పుల్లలు, కిరసనాయిలు డబ్బాలు. అగ్గిపెట్టెలు చెమ్మ తగలకుండా బియ్యంలో పాతిపెట్టేది. ఒకసారి నాకు అన్నంలో అగ్గిపుల్ల వచ్చింది. అడిగితే, "కాల్లేదు కదా, దాసుకో" అంది మహాతల్లి.

ఎదురు వాటా సూర్యకాంతమ్మ ఆ గదికి గోడౌను అని పేరు పెట్టింది. "దేముడమ్మా, నీ గోడౌనుకి కాపలావాడు కావాలంటే మా ఆయన్నంపుతానే. ఇంట్లో ఎలాగూ ఊరికే కూకుంటాడు" అనేది. వరసంతా గొల్లుమనేది. మా అక్కా నవ్వేది. నవ్వుతూనే ఇంకో డబ్బా మూత బిగించేది.

ఎందుకింత పిచ్చి అని నేనొకసారి గట్టిగానే అడిగాను. అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పెద్ద గాలివాన పట్టిందట. ఇల్లు కూలి, గింజలు నీళ్ళపాలై, ఊరు ఊరంతా పస్తులు. వాళ్ళమ్మ చింతగింజలు వేయించి పిల్లల చేతుల్లో పోసిందట. "ఆకలి కంటే మా అమ్మ మొకం సూడ్లేకపోయాను తాయారూ. ఆ మొకం నాకు రాకూడదు" అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అప్పటినుంచి ఆ గది జోలికి నేను వెళ్ళలేదు. కానీ ఎలుక కొరికింది నా వేలు కాదు కదా.

బావగారు తేల్చి చెప్పేశారు. కార్తీక పున్నమి వెళ్ళగానే ఊరినుంచి బండి వస్తుంది, గది మొత్తం ఖాళీ చేసి సరుకంతా ఊరికి తోలేయడమే. మా అక్క ఈసారి ఎదురు చెప్పలేదు. అది చూసే నాకు భయమేసింది. తిండి తగ్గించింది. వెళ్ళి ఒక్కో బాన మీదా చెయ్యేసి నిలబడేది. ఖాళీ ఇల్లు తలుచుకుంటేనే ఆవిడకి గుండె దడ.

పున్నమి ఇంకా రానేలేదు. గాలివాన వచ్చింది.

గురువారం మధ్యాహ్నం నూకాలు ఖాళీ గంపతో పరిగెత్తుకొచ్చి, "పడవలన్నీ ఒడ్డుకి లాగేసినారమ్మా, సంద్రం బాగులేదు" అని చెప్పి పోయింది. చీకటి పడేసరికి మొదలైన గాలి తెల్లారినా తగ్గలేదు. పెంకులు అప్పడాల్లా ఎగిరిపోయాయి. సూర్యకాంతమ్మ వంటింటి కప్పు సగం పోయింది. గాజువాక రోడ్డు మీద చెట్లు పడ్డాయని, బస్సుల్లేవని, కొట్లు తెరవలేదని కబురు. మా వరసలో అందరివీ ఏ పూటకాపూట తెచ్చుకునే బతుకులు. ఉన్న కాస్త బియ్యం తడిసి ముద్దయింది. పొయ్యిలోకి ఎండు పుల్ల లేదు. దేముడమ్మక్క గది ఒక్కటే, వరసకి మధ్యలో ఉండడం వల్లో ఏమో, చెక్కు చెదరలేదు.

మధ్యాహ్నానికి సూర్యకాంతమ్మ గోనె సంచి నెత్తిన కప్పుకుని, చేతిలో గిన్నెతో గడప ముందుకొచ్చింది. వెనకాల ముగ్గురు పిల్లలు. "దేముడమ్మా, ఓ గిన్నెడు బియ్యమియ్యే" అంది. ఆ నోరేనా ఇది అనిపించింది, అంత చిన్న గొంతు.

మా అక్క బిక్కచచ్చిపోయింది. "ఇయ్యాల శుక్కురోరం" అంది.

నిజమే. మా వైపు శుక్రవారం పూట ఇంట్లోంచి బియ్యం గింజ గానీ ఉప్పురాయి గానీ గడప దాటనివ్వరు. లక్ష్మి వెళ్ళిపోతుందని నమ్మకం. మామూలు రోజుల్లో సూర్యకాంతమ్మే అందరికంటే గట్టిగా పాటించేది. ఇప్పుడు మాత్రం ఒంటి కాలి మీద లేచింది. "ఓలమ్మో! పిల్లలు మాడి సత్తంటే వారమేటే, వర్జ్యమేటే?"

"ఇచ్చీయే దేముడూ" అన్నారు బావగారు.

మా అక్క ఆ పిల్లల్ని చూసింది. గదిని చూసింది. మళ్ళీ పిల్లల్ని చూసింది. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఉన్నట్టుండి అరిచింది: "గింజ గడప దాటకూడదు గానీ, మడిసి లోపలికి రాకూడదని ఎవడు సెప్పాడే? గిన్నె అక్కడ పడేసి పిల్లల్ని లోపలికి తోలు! మీ ఆయన్నీ రమ్మను. తాయారూ, పొయ్యి ముట్టించు!"

అంతే. ఇంకేముంది! ఒకరిని చూసి ఒకరు, వరస వరసంతా దిగిపోయారు. ముసలాళ్ళు బస్తాల మీద, పిల్లలు మంచం మీద, మగాళ్ళు వసారాలో ఒకరి ఒళ్ళో ఒకరు. కాలు పెట్టాలంటే ఎవరిదో చెయ్యి తీయాలి. బయట గాలి హోరు, లోపల మా హోరు. వేడన్నంలో మూడేళ్ళ ఆవకాయ కలిపి పెడుతుంటే, పెళ్ళివారింట్లో కూడా నేనంత సందడి చూళ్ళేదు. కప్పెగిరిపోయిందని ఏడ్చిన సూర్యకాంతమ్మే, "కప్పు పోతే పోనాది గానీ, ఇంకో గరిటెడు ఉలవచారొయ్యే" అంది.

మర్నాడు పొద్దున ఇంకా చోద్యం. అందరికీ చోడిపిండి అంబలి కాద్దామని, పిండి తెమ్మని బావగారిని గదిలోకి పంపింది అక్క. ఆ చీకట్లో ఆయన తడుముకుని ఓ డబ్బా తెచ్చి సగానికి సగం గుండిగలో కుమ్మరించారు. నేను కలుపుతున్నాను. అంబలి పొంగింది. మంట తగ్గించాను. ఇంకా పొంగింది. గుండిగ అంచు దాటి, పొయ్యి మీద పడి, తెల్లటి నురగ వంటిల్లంతా పాకింది. పిల్లలు కేరింతలు.

"ఓర్నాయనో, ఇదేటిది!" అని అక్క నురగ వాసన చూసింది. సీకాయ, కుంకుడుకాయ కలిపి దంచిన తలంటు పొడి!

"ఏడాదికి సరిపడా దాసినాను కదయ్యా!" అని అక్క నెత్తి కొట్టుకుంది. "కడుపులో కూడా తలంటు పోసీద్దామనుకున్నావేటి అన్నియ్యా?" అని మా ఆయన అందుకున్నాడు. నేను నవ్వలేక గోడకి చేరగిలబడిపోయాను. బావగారైతే నురగ మీసాలతో అక్కడే నిలబడి, కోపం తెచ్చుకుందామని చూసి చూసి, చివరికి తనూ నవ్వేశారు. ఆ గుండిగ తోమక్కర్లేకుండానే మెరిసింది.

నవ్వుల మాట ఎలా ఉన్నా గది మాత్రం తరిగిపోతోంది. కందులయ్యాయి, ఉలవలయ్యాయి, ఎండుచేపలు ముసలాళ్ళ కోసం కాల్చాం. బానలు ఒక్కొక్కటే బోర్లాపడుతున్నాయి. ఆదివారం నాటికి గాలి తగ్గింది గానీ వాన వదల్లేదు, రోడ్డు తెరవలేదు. ఒక్క బాన మిగిలింది. పాత బియ్యం, మూతికి మట్టి మెత్తినట్టే ఉంది. మా అక్క దాని పక్కనే కూర్చుంది.

అప్పుడొచ్చారు వాళ్ళు. ఆటోనగర్ వైపు వెళ్తూ రోడ్డు మీద చిక్కుకుపోయిన లారీల వాళ్ళు, ఓ డజను మంది. మా వాళ్ళు కారు, మా ఊళ్ళ వాళ్ళు కారు, భాష కూడా సగమే తెలిసింది. పొగ చూసి వచ్చారట. గుమ్మంలో నిలబడ్డారు గానీ నోరు విప్పి అడగలేదు. మొహాలు చూస్తే చాలు.

అందరం మా అక్క వైపు చూశాం. ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టరు. బావగారు దగ్గరికెళ్ళి మెల్లిగా, "వద్దే దేముడూ. అదొక్కటి ఉంచుకో. నీకు దడొస్తాది" అన్నారు. ఎలుక కొరికిన వేలు పట్టుకుని గెంతిన మనిషేనా అని నేను నోరు తెరుచుకు చూశాను.

మా అక్క బాన మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత పిడికిలితో ఒక్కటిచ్చింది. మట్టి పెళ్ళలు రాలిపడ్డాయి. "లెగు తాయారూ, ఎసరెట్టు. అలగ నిలబెట్టీసేరేటి ఆళ్ళని? ఇస్తర్లెయ్యండి!"

వాళ్ళు తింటుంటే వసారా మెట్టు మీద కూర్చుని చూసింది. ఒక ముసలి డ్రైవరు రెండోసారి వడ్డించుకుని, చెయ్యెత్తి దండం పెట్టాడు. మా అక్క సిగ్గుపడి, చిన్నపిల్లలా మొహం తిప్పుకుని నవ్వింది. అడుగున మిగిలిన గంజి మేమిద్దరం పంచుకుని తాగాం.

సోమవారం ఎండ కాసింది. బస్సు హారను వినపడగానే ఎవరిళ్ళకి వాళ్ళు పెంకులేరుకోవడానికి వెళ్ళారు. బావగారు ఖాళీ గది మధ్యలో నిలబడి, "ఒలే, ఈ గది ఇంత పెద్దదేటే!" అన్నారు. అన్నారే గానీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. బోర్లించిన బానల్ని ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. గబగబా చొక్కా వేసుకుని, రెండు గోనె సంచులు చంకన పెట్టుకుని బయటికొచ్చారు.

"నాను గాజువాక ఎల్తన్నాను దేముడూ. కొట్టు తీసుంటాది. ఏటేటి తేవాలో సెప్పు. బియ్యం బస్తాకి బస్తా తెచ్చీనా? కందులు? కిరసనాయిలు?"

నేను అక్క వైపు భయం భయంగా చూశాను. ఖాళీ ఇల్లంటే ప్రాణం పోయే మనిషి. ఆవిడ మెట్టు మీద కాళ్ళు బారచాపుకుని, తడి జుట్టు ఎండకి ఆరబెట్టుకుంటోంది.

"ఆ సంచులెందుకు, లోపలెట్టీ" అంది. "పూటకి సరిపడా తే సాలు."

"పూటకా? మరి రేపు?"

మా అక్క ఎదురు వాటా వైపు చూసింది. కప్పు లేని వంటింట్లో సూర్యకాంతమ్మ పొయ్యి రాజేస్తోంది.

"రేపు నాకు లేకపోతే, గిన్నట్టుకుని ఆళ్ళింటికెల్తాను" అంది.