తడిపిన ఆకు

"నేనింక కాలేజీకి పోనవ్వా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"పోక ఏం జేస్తవే? సెలవులని మూడు దినాల సంది నాకు అబద్ధాలు చెప్తివి!"

"అమ్మతోని బీడీలు చేస్త. తునికాకు గూడ తడిపిన, సూడు. రేపు కత్తిరియ్యకుంటే పాడైతది."

పక్కనే దాని తల్లి, నా బిడ్డ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది.

మనుమరాలు కామారెడ్డిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. రెండు పరీక్షలు తప్పాక బ్యాగు మేకుకు తగిలించింది. ఆ సాయంత్రం కాలేజీ మేడం ఫోను చేస్తేనే నాకు సంగతి తెలిసింది.

ఇరవై ఏళ్ల కింద, ఇదే గడపలో, దీని తల్లి కాలేజీకి బయలుదేరుతుంటే నేనే ఆపాను. "ఆకు తడిపిన బిడ్డా, పాడైతది. ఈ ఒక్కరోజు ఆగు" అన్నాను. నేను రెండో తరగతితో ఆగినదాన్ని. ఒక్కరోజుకు ఏం పోతుందిలే అనుకున్నాను. దుబారా నాకు గిట్టదు. మరునాడూ ఆకు తడిపాను. ఆ మరునాడూ తడిపాను. వారం గడిచాక, కాలేజీ నుంచి ఎవరైనా వచ్చి మీ పిల్ల ఏదని అడుగుతారేమోనని వీధి వైపు చూసేదాన్ని. అడిగితే పంపేదాన్ని. నిజంగానే పంపేదాన్ని. ఎవరూ రాలేదు. నా బిడ్డ ఒక్క మాట అనలేదు. ఒళ్లో చాట పెట్టుకుని తల వంచింది, అంతే. ఇప్పటికీ కత్తెర చప్పుడు వింటే ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదనిపిస్తుంది.

"మూడు రోజులు రాకపోతే మేమే ఫోన్ చేస్తమమ్మా," అన్నది మేడం ఆ సాయంత్రం ఫోనులో. "ఇంకా ఆలస్యమైతే పిల్లలు మళ్ల రారు. మీ బస్సుల వచ్చే మూడో సంవత్సరం అమ్మాయిని పొద్దున మీ ఇంటికి పంపుత. పక్కన కూసోబెట్టుకొని తెలుగుల చెప్తది. వాళ్లమ్మను గూడ ఒక్కసారి రమ్మనుండ్రి."

అడగడం ఇంత చిన్న పని.

"ఇంగ్లీషు రాదని అందరు నవ్వుతరవ్వా," అన్నది మనుమరాలు, మేడం మాటలు చెప్పగానే.

"నవ్వితే వాళ్ల పండ్లే కనవడ్తయి. నీదేం పోతది?"

"మరి ఆకు? చినిగిన గోనెసంచి గూడ పారెయ్యవు, గింత ఆకు పారేస్తవా నువ్వు?"

నా బిడ్డ కత్తెర కింద పెట్టింది.

"నన్ను గప్పుడు ఎవ్వలు అడగలే," అన్నది, నా వైపు చూడకుండా.

ఇన్నేళ్లకు ఆ ఒక్క మాట.

మర్నాడు పొద్దున మేడం పంపిన పిల్ల వాకిట్లో నిలబడి పిలిచింది. మనుమరాలు మేకు మీది బ్యాగు తీసుకుంది. నా బిడ్డ చాటను గోడకు ఆనించి, చెప్పులు వేసుకుని, వాళ్లతో పాటు కామారెడ్డి బస్సెక్కింది. నాకు చూపు ఆనదు, కత్తిరించలేను. పొద్దెక్కేసరికి ఆకు ఎండి పెళుసుబారింది. ఊడ్చి పొయ్యిలో వేశాను.