తిరుపతి బావ వెనక ఇల్లెందుకు తీసేశారు?

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ లేస్తలేడే" అంది.

లేవకపోవడమేంటి? మొన్న సాయంత్రమే నా లాప్‌టాప్‌లో వైరస్ ఎక్కించుకున్నానని అరగంట తిట్టిన మనిషి.

నేను గోదావరిఖని చేరేసరికి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు కూడా. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

నెట్ సెంటర్ తిరుపతి అంటే చౌరస్తాలో తెలియనివాళ్లు లేరు. దొంగ సీడీ తెచ్చి ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటే బావ ఒప్పుకునేవాడు కాదు. ఏ సాఫ్ట్‌వేర్‌కు బదులు ఏది ఫ్రీగా దొరుకుతుందో చెప్పే సైట్ తెరిచి, పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లతోనే వెతికించేవాడు. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీర్లు కూడా వచ్చి పేర్లు రాసుకుని పోయేవాళ్లు.

అసలు సంగతి అది కాదు.

గోదావరిఖని పక్కనున్న మా ఊరు ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కిందికి పోతుందని ఖాయమైన ఏడాది బావ ఇంటింటికీ తిరిగాడు. ప్రతి కుటుంబాన్నీ వాళ్ల గడప ముందు నిలబెట్టి ఫోటో తీశాడు.

మనవాళ్లేం చేశారో గుర్తుందా?

పెచ్చులూడిన గోడ, పిడకలు, కట్టేసిన మేక చూసి మొహం ముడుచుకున్నారు. అవన్నీ తీసేసి వెనక పూలతోట పెట్టమన్నారు. ఒకాయన మంచుకొండలు అడిగాడు. ఆ ఒకాయన మా నాన్నే, దాచడమెందుకు.

బావ కూర్చుని అడిగినట్టే చేశాడు. ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక్కో ఇల్లూ చెరిపి, తోటలూ కొండలూ పెట్టి ఇచ్చాడు. అసలు ఫోటోలు మాత్రం నెట్‌లో ఫోటోలు దాచుకునే ఒక సైట్‌లో ఆల్బమ్‌గా పెట్టాడు. ఊరివాళ్లు రేపు ఎక్కడున్నా చూసుకుంటారని.

దానికి ఎంత గొడవ!

మా ఆడవాళ్లను నెట్‌లో పెడతావా అని నలుగురు పెద్దమనుషులు సెంటర్‌కొచ్చి కాలర్ పట్టుకున్నారు. తీసేస్తానని ఒప్పుకునేదాకా కదల్లేదు. ఆ నలుగురిలో ఇద్దరి ఫోన్లకు ఈ పోస్ట్ వస్తుంది. చదవండి.

తర్వాత ఊరు పోయింది. ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి. మన గోడల మీద మాత్రం మంచుకొండలు.

నిన్న బావను ఇంకా వాకిట్లోనే పడుకోబెట్టి ఉంచారు. ఆ నలుగురిలో ఒక కాక నన్ను పక్కకు పిలిచాడు. ధైర్యం చెప్తాడేమో అనుకున్నాను.

"బిడ్డా, మా ఇంటి ఫోటో యాడన్న మిగిలిందా? సచ్చేలోపు ఒక్కపారి మా అవ్వ కూసున్న అరుగు చూసుకోవాలె."

ఒళ్లు మండిపోయింది. ఆయన్ను అక్కడే వదిలేసి లోపలికి పోయాను.

సాయంత్రం చౌరస్తాకు పోతే బావ ఫ్లెక్సీ కట్టి ఉంది. ఊళ్లో అక్కావాళ్ల ఇంటి నీలం తలుపు ముందు నేను తీసిన ఫోటో అది. ఇల్లు కత్తిరించేశారు. వెనక మబ్బులు, పావురాలు.

అందరి ఇళ్లూ చెరిపినవాడు తన ఇల్లు ఒక్కటి చెరుపుకోలేదు. పోయిన రోజే అదీ లేకుండా చేశారు.

ఆ ఫ్లెక్సీ పీకి చుట్టచుట్టి దాన్ని వేసిన షాపులో పడేశాను. అందరికీ అట్లనే వేస్తామన్నాడు షాపతను.

"మా బావకు ఇల్లున్నది. ఇల్లు పెట్టు" అన్నాను.

అక్కడే ఆల్బమ్ తెరిచి అసలు ఫోటో ఇచ్చాను. అవును, ఆల్బమ్ ఉంది. బావ తీసెయ్యలేదు, ఎవరికీ కనపడకుండా తాళం వేశాడంతే. పాస్‌వర్డ్ నాకు చెప్పిన రోజు ఒక మాటన్నాడు.

"అడిగిన రోజు ఇయ్యి. ఎవలు తిట్టిన్రో యాది పెట్టుకోకు."

నేను యాది పెట్టుకున్నాను బావా. నీ అంత మంచిదాన్ని కాను.

అయినా ఇస్తున్నాను. ఇన్‌బాక్స్‌లో ఇంటిపేరు రాయండి, ఎవరి ఇల్లు వాళ్లకు పంపుతాను. కాకా, మీది పొద్దునే పంపేశాను, అరుగు మీద మీ అవ్వ కూడా ఉంది.

వెనక పూలతోట పెట్టమని మాత్రం నన్నడగకండి.

చౌరస్తాలో ఇప్పుడు ఆ నీలం తలుపు కనిపిస్తోంది, దాని ముందు బావ.

పోయిరా బావా. నీ గడప మీదే కూర్చుని నిమ్మళంగా ఉండు.