మూడంగుళాలు దించిన కారు

బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాక, దోహాలోని ఐన్ ఖాలిద్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. పగలంతా ఇంట్లో ఒక్కణ్ణే. పక్క విల్లా అరబ్బు యజమానికి పాతకాలపు అమెరికా కారొకటి ఉంది. దాని వెనకభాగం కిందికి దించాలని ఆయన ముచ్చట. ఆయన డ్రైవరు, రాయచోటి వైపు ఓబులేసు, ఆ పని నాకు ఇప్పించాడు.

ఆ శుక్రవారం ఓబులేసు యజమాని కుటుంబాన్ని నమాజుకు తీసుకెళ్ళాడు. తనొచ్చాక మొదలుపెడదామన్నా నేను ఆగలేకపోయాను. వాళ్ళ షెడ్డులో కారు వెనక ఇరుసుకీ దాని కిందుండే కమాన్ స్ప్రింగు కట్టలకీ మధ్య మూడంగుళాల ఇనుప దిమ్మలు బిగించి, చివరిసారి నట్లు చూద్దామని కింద దూరాను. డిపోలో బస్సు కింద గుంతలో నిలబడి పనిచేసినవాణ్ణి. జాకీకి తోడు మరో ఆసరా పెట్టాలని తోచనే లేదు.

జాకీ జారింది. పాత ఎత్తులోనైతే నాకు చోటు మిగిలేది. నేను దించిన మూడంగుళాలూ నా ఛాతీ మీదికే వచ్చాయి.

ఊపిరి ఆడుతోంది గానీ అరుపు రావడం లేదు. నేనక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. అమ్మాయి సాయంత్రానికి గానీ రాదు.

ఎంతసేపటికో చెప్పుల చప్పుడు. “యాడికి పోయినాడబ్బా ఈ పెద్దాయన!” అంటూనే ఓబులేసు నా కాళ్ళు చూశాడు. మళ్ళీ జాకీ పెట్టి కారెత్తి నన్ను బయటికి లాగాడు.

“ఒక మాట చెప్పి దూరాల గదా సామీ! నేను లేటుగా వచ్చింటే?”

“ఎవరికి చెప్పనయ్యా?”

“నాకు చెప్పు. ఫోను లేదా?”

ఆ రోజు డైరీలో దిమ్మల కొలతలు మాత్రమే రాసుకున్నాను. ఇప్పుడు ఏ పనీ లేకపోయినా, రోజూ పొద్దున ఓబులేసుకు ఫోన్ చేసి ఇంట్లోనే ఉన్నానని చెబుతాను. “సరే సామీ” అని పెట్టేస్తాడు. మనిషి ఎక్కడున్నాడో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.