లీటరుకు పద్దెనిమిదిన్నర

పద్దెనిమిదిన్నర! లీటరుకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు ఇచ్చింది నా కారు. ఇంగ అమ్మేది లేదు. తాళాలు నా సేతిలోనే ఉండాయి, నా సేతిలోనే ఉంటాయి. ఈ మాట ముందు సెప్పేస్తే గానీ మిగతాది రాయలేను.

ఇప్పుడు మొదుట్నించి సెప్తా.

నేను డ్రిప్ పైపుల కంపెనీలో ఇంజనీరు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చింది నేనే మొదులు. మాది పెద్దమండ్యం పక్క మెట్ట ఊరు, ఇప్పుడు ఉండేది మదనపల్లెలో. నాయన ముప్పై ఏండ్లు టమోటా టెంపో తోలినాడు. అమ్మ గొర్రెల్ని మేపింది. అట్లాంటి ఇంట్లో ఆరు నెలల కిందట నేను లగ్జరీ కారు కొన్నాను. కొత్తది కాదు. బెంగుళూరులో ఒక డాక్టరమ్మ ఏడేండ్లు వాడింది. డీజిలు. గేర్లు దానంతట అదే మార్సుకుంటాది. ఆ కంపెనీ కార్లలో ఇదే అన్నిటికన్నా ధర తక్కువది. కొత్త సిన్నకారు ఎంతకు వస్తాదో ఇదీ అంతకే వచ్చింది. అయినా ముందర ఆ కంపెనీ గుర్తు ఉండాది కదా, అది సూసినోళ్లకు ఏడేండ్లు కనపడవు.

మార్కెట్ కాడ టీ తాగేదానికి ఆపితే ఒకాయన వచ్చి, "ఎవురిదమ్మా కారు?" అన్నాడు.

"నాదే."

"అది సరేమ్మా, ఓనరు ఎవురు?"

బయటోళ్ల సంగతి అది. ఇంట్లో మా మామ ఉండాడు, అమ్మ తమ్ముడు, పుంగనూరులో సరుకుల అంగడి. ఆయన మాట అమ్మ దాటదు. కారు సుట్టూ ఒకసారి తిరిగి, "మే కోడలా, మా పుంగనూరు ఆవును సూడు. గుప్పెడు గడ్డి తిని సెంబుడు పాలిస్తాది. నువ్వు రామకుప్పం ఏనుగును తోలుకొచ్చినావు. దీన్ని సాకాలంటే ఒక అడివి గావాల" అన్నాడు.

"నేను సాకుతా లే మామా."

"సర్వీసు?"

"మదనపల్లెలోనే మెకానిక్ ఉండాడు. కంప్యూటర్ పెట్టి సూస్తాడు."

"టైరు ఒగటి మారిస్తే మీ అమ్మ రెండు గొర్రెల్ని అమ్ముకోవాల."

"టైర్లు నా జీతంతో మారుస్తా. గొర్రెల జోలికి పోవద్దు."

"అద్దం పగిలితే?"

"నువ్వు రాయి ఎయ్యకుంటే పగలదు."

"మైలేజీ ఎంత?"

తెలీదన్నాను. మా పక్క మైలేజీ ఎవురికీ తెలీదు. ట్యాంకు నింపితే గదా తెలిసేది! బంకుకు పోతాం, ఐదునూర్లకు కొట్టు అంటాం, అది అయిపోయే ముందర మళ్లా ఐదునూర్లకు కొట్టిస్తాం. నాయన ముప్పై ఏండ్లలో ఒకసారి కూడా ట్యాంకు నిండా డీజిలు పోయించలేదు. నేనూ అట్లనే చేస్తాండాను, ఇంజనీరింగు సదివి.

మామకు ఆ సందు దొరికింది. ఒక టమోటా మండీ ఆయన కారు కొనేదానికి ఉండాడంట. "పుంగనూరు బంకులో నిండా పోయిద్దాం. నువ్వు కుప్పం పోయిరా. మళ్లా ఈడనే నింపి లెక్క సూద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండి, "పదైదుకు తగ్గితే నేనే తాళాలు ఇచ్చేస్తా. పైన వస్తే ఈ కారు మాట ఇంట్లో ఎవురూ ఎత్తకూడదు" అనేసినాను. అమ్మ ముందర అన్నాను. ఇంగ వెనక్కి తీసుకునేదానికి లేదు.

పుంగనూరు నుంచి కుప్పం పోయిరావాలంటే నూట డెబ్బై కిలోమీటర్లు. నాకు తోడుగా నాయన వచ్చినాడు. కుప్పం ఆఫీసులో గుడుపల్లె పక్క రైతులతో నాలుగు గంటలు మీటింగు. తిరిగొచ్చి నింపితే పదమూడు లీటర్ల పైన పట్టింది. పదమూడు కిలోమీటర్లు కూడా రాలేదు. మామ ఎగతాళి చేసింటే బాగుండు. గమ్మున ఫోను తీసి మండీ ఆయనకు, "ఆదివారం రాండి" అన్నాడు.

"మామా, ఇంగోసారి. ల్యాబులో ఒక్క రీడింగు ఎవురూ నమ్మరు."

"సదువుకున్నోళ్లకు ఓడిపోయినా ఇంగో ఛాన్సు ఉంటాదా?"

"ఉంటాది. దానికే సదువుకున్నా."

ఆ ఇంగోసారి ఈ పొద్దు. మళ్లా నింపుకొని మళ్లా నాయనతో కుప్పం, మళ్లా అదే మీటింగు. ఆఫీసులోకి పోయి పది నిముషాలు కాలేదు, రైతులకు సూపించే పైపు ముక్కలు కార్లో మర్చిపోయి బయటికి వచ్చినాను. కారు కింద సుక్క సుక్కగా ఏసీ నీళ్లు కారతాండాయి. ఇంజను గుయ్యిమంటాండాది. లోపల నాయన సీటు వాల్చుకొని కండ్లు మూసుకొని ఉండాడు. అద్దం మీద కొట్టినాను.

"నాయనా, ఆపలేదా?"

"యాల ఆపేది?"

"పోయినసారి కూడా ఇట్లనే పెట్టుకున్నావా?"

"నువ్వొచ్చేదాకా పెట్టినా. నాలుగు గంటలు. ఏమైంది?"

ఏమైందని సెప్పాల! నాలుగు లీటర్లు నిలబడిన సోటనే తాగేసింది నా కారు. కానీ నాయనది అలవాటు. మార్కెట్‌లో టెంపోను ఆపరు. బ్యాటరీ వీక్‌గా ఉంటాది, ఆపితే మళ్లా సెల్ఫు అందుకోదు, నలుగురు దిగి తొయ్యాల, ఎనకుండే బండ్లోళ్లు తిట్టే తిట్లు తినాల. అందుకని ఊర్లో స్టార్టు చేస్తే మళ్లా ఊర్లోనే, ఏటవాలు సూసుకొని ఆపుతారు.

"ఇది టెంపో కాదు నాయనా."

"కాదులే, నాకు తెలీదా? అయినా ఆపినాంక పట్టుకోలేదనుకో? మీ ఆఫీసోళ్లు అందురూ ఈడనే ఉండారు. పెద్ద కారు కొనుక్కోని తోపించుకుంటాండాది సూడు ఆయమ్మ, అంటారు. నిన్ను ఆ మాట అనిపించేది నాకు ఇష్టం లే."

కోపం అంతా యాడికి పోయిందో. ఈ కారు మీకు యాల అని ఊరంతా అంటాంటే, నాకు మాట రాకూడదని ఇంజను ఆపకుండా కూసున్నోడు ఈయన ఒక్కడే.

"పట్టుకోకపోతే తోస్తాం నాయనా. తోసేది మనకు తెలీని పనా?"

ఇట్లాంటి కారు తోసినా స్టార్టు కాదు. ఆ ముక్క ఆయనకు సెప్పలేదు. బటను నొక్కి ఆపేసినాను.

నాలుగు గంటలూ నాయన ఆఫీసు వరండాలో కూసుని, టవలుతో ఇసురుకుంటా, కారునే సూస్తాండాడు. మీటింగు అయినాంక రైతులు కారు దాకా వచ్చినారు. బటను మీద ఏలు పెట్టినాను. ఒక్క నొక్కుకే అందుకుంది. నాయన మొకం అటు తిప్పుకొని టవలు సర్దుకున్నాడు. పలమనేరు దాటినాంక, "మంచి బ్యాటరీ" అన్నాడు.

పుంగనూరు బంకులో మామ మాకన్నా ముందే నిలబడుండాడు. గన్ను టక్కుమని ఆగింది. మామ ఒప్పుకోలేదు. "లోపల గాలి ఉంటాది, ఊపండి" అని సెప్పులు ఇడిసి, బంకు ఆయన్ని పిలుసుకొని, లారీని ఊపినట్టు నా కారును ఎనక నుంచి ఊపినాడు. "బాగా ఊపు మామా, మొహమాట పడొద్దు" అన్నాను. రవ్వంత పట్టింది. అంతా కలిపి తొమ్మిది పాయింట్ రెండు. ఫోనులో మూడుసార్లు లెక్క కొట్టినాడు. మూడుసార్లూ పద్దెనిమిదిన్నరే వచ్చింది.

"ఏం జేసినావే?"

నేను నోరు తెరిసే లోపల నాయనే సెప్పినాడు. "కారుది తప్పు కాదప్పా. పోయినసారి నేను ఆపకుండా పెట్టినా."

మామ సెప్పులు ఏసుకుంటా నా పక్క సూసినాడు. "నిజం సెప్పు. పన్నెండే వచ్చింటే ఇచ్చేదానివా?"

"మాట అన్నా కాబట్టి ఇచ్చేదాన్ని. ఇంగో నెలకు ఇంగోటి కొనేదాన్ని."

నిజంగానే కొనేదాన్ని. ఖర్సు అవుతాదని నాకు తెలీదా? వచ్చే ఏడు నాలుగు టైర్లూ మార్సాల. ఇన్సూరెన్సు కట్టాల. ఆయిలు మార్సిన ప్రతిసారీ అబ్బా అనుకుంటా. అనుకొని కడతా. సంపాదించేది నేను, తోలేది నేను, కట్టేది నేను. ఎవురికి ఏది తగుతాదో కారు బానెట్టు మీద రాసిలేదు.

ఇంగా ఫోను చేయాల్సినోళ్లు:

అమ్మకు. మామ చేసే లోపల.

మండీ ఆయనకు, ఆదివారం రావద్దని. మర్యాదగానే సెప్తా.

పుంగనూరులో అత్తకు. ఓడిపోయిన సంగతి మామ తన నోటితో సెప్పడు.

మెకానిక్‌కు.

ఇంజనీరింగు సదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేటుకు. ఆ పిల్ల అరుస్తాది, ఫోను సెవికి దూరంగా పెట్టుకోవాల.

డాక్టరమ్మకు.

ఊర్లో పెద్దనాయనకు. ఆయన స్పీకరు పెట్టి మాట్లాడతాడు, మెట్ట ఊరంతటికీ ఒక్క ఫోను సాలు.