అందరూ పలికాకే కరెంటు

పాశమైలారంలో మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మ భర్త పొలంలో మోటారు షాక్ కొట్టి పోయాడట. అందుకే ఆమె ఇంటికి సేఫ్టీ స్విచ్ పెట్టించింది. కరెంటు ఎక్కడ లీకైనా అది తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. పడిన ప్రతిసారీ ఆమె ఐదు గదుల ముందూ ఆగి, "ఉన్నవా కొడుకా?" అని అడిగేది. అందరూ పలికేదాకా స్విచ్ ఎత్తనిచ్చేది కాదు.

ఒక చలికాలం అది రోజూ తెల్లవారగానే పడిపోసాగింది. షిఫ్టుకు ఆలస్యమవుతోందని పక్క గది ఫిట్టరు నా మీద విసుక్కున్నాడు.

"డిప్లొమా సదివినవ్ గదా, దాన్ని తీసేసి సీదా కనెక్షన్ ఇయ్యరాదు?"

"తీసేటోడు ముందుగాల గది ఖాళీ జెయ్యాలె," అంది ఓనరమ్మ.

నేను అన్ని గదుల్లో ప్లగ్గులు పీకించి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టించాను. ఫిట్టరు బకెట్‌లోని హీటర్ రాడ్ ప్లగ్గు పెట్టగానే స్విచ్ టక్కున పడింది. రాడ్ గొట్టం చిట్లి, కరెంటు నీళ్లలోకి దిగుతోంది. రోజూ ఆ నీళ్లలో వేలు ముంచి వేడి చూసుకునే ఫిట్టరు తన వేలు చూసుకున్నాడు.

రాడ్ పారేశాక స్విచ్ పడటం మానేసింది. కొన్నాళ్లకు ఓనరమ్మ నా గది ముందుకొచ్చి నిలబడింది.

"ఇగ పడుతనే లేదు బిడ్డా. సచ్చిపోయిందేమో, జెర సూడు."

నేను స్విచ్ మీది టెస్ట్ బటన్ నొక్కాను. ఫిట్టరు గదిలో టేప్‌రికార్డర్ పాట మధ్యలో ఆగిపోయింది.

ఆమె గుండె మీది చెయ్యి తీసి, "బతికే ఉన్నది," అంది.