ఎత్తకపోతే క్షేమం

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె. నేపాల్ యాత్ర ముగించుకుని గోరఖ్‌పూర్ స్టేషన్‌లో సంచుల మధ్య కూర్చుని ఉన్నాం. అక్కడి సిమ్ము తీసేసి నా పాత సిమ్ము ఫోనులో వేసుకున్న కాసేపటికే మోగింది.

"ఏందక్కా, ఇన్ని దినాలు ఫోన్ బంద్ పెట్టుకున్నవ్?" అంది. "పెద్దమ్మ పోయిందక్కా. మొన్న పొద్దుగాల. మీ చుట్టాలాయన వచ్చి అంతా చేసిండు. నిన్ను అడిగిందక్కా. శానా అడిగింది."

ఆమె పెద్దమ్మ అనేది మా మేనత్తను. నాన్న చెల్లెలు. చిన్నప్పుడు నా గుండెలో లోపం ఉందని, మెట్లెక్కితే ఆయాసపడుతున్నానని నన్ను బడికి పంపలేదు. పెద్దయ్యాక ఆ లోపం దానంతటదే సర్దుకుంది గాని అప్పటికి బడి వయసు దాటిపోయింది. అత్తమ్మే నేల మీద ముగ్గుపిండి పరిచి అక్షరాలు దిద్దించింది. కూడికలు, తీసివేతలు, దేవుడి పాటలు అన్నీ ఆ వంటింటి గడప దగ్గరే నేర్చుకున్నాను. అమ్మానాన్నలు పోయాక ఆమె, నేను మిగిలాం. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి పోర్షన్. పత్తి తెచ్చుకుని ఇద్దరం దీపం ఒత్తులు చేసేవాళ్లం. వాటిని నేను మొజంజాహీ మార్కెట్ దగ్గరి పూజ సామాన్ల కొట్లలోనూ సుల్తాన్ బజార్‌లోనూ ఇచ్చి వచ్చేదాన్ని. ఏ రోజూ దేవుడు మమ్మల్ని పస్తు ఉంచలేదు. ఆ మాట ఎప్పుడైనా చెప్తాను.

ఇద్దరివీ బటన్ ఫోన్లే. మాకొక పద్ధతి ఉండేది. నేను బజారు నుంచి ఇంటికి రింగ్ ఇస్తాను. ఏదైనా తేవాల్సి ఉంటేనో, ఒంట్లో బాగోలేకపోతేనో ఆమె ఎత్తుతుంది. ఏమీ లేకపోతే మోగనిస్తుంది. ఎత్తకపోతే క్షేమం. నిమిషానికి ఇంత అని కోసే రోజుల్లో పుట్టిన అలవాటు అది. ఇప్పుడు నెలకింత అని ఒకసారి కడితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అయినా మేము మారలేదు. ఫోను మోగి మోగి ఆగిపోతే నాకు ప్రాణం కుదుటపడేది. నలుగురికీ ఎత్తకపోతే కంగారు, మాకు ఎత్తితే కంగారు.

ముక్తినాథ్ యాత్రకు నన్ను పట్టుబట్టి పంపింది కూడా అత్తమ్మే. తనకు మోకాళ్లు లేవవు. "నువ్వు పోయిరా బిడ్డా, నీ కండ్లతోటి నేను చూస్త" అంది. దేశం కాని దేశం, ఫోను సంగతి ఏమిటో కనుక్కుందామని అబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే కొట్టుకు వెళ్లాను. ఆయన నా ఫోను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"అమ్మా, మ్యూజియంల పెట్టే ఫోన్ తెచ్చినవ్. గీ సిమ్ముతోని గాడ నువ్వు చేసినా పైసలు పోతయి, ఎత్తినా పోతయి. జర దిమాక్ పెట్టు. బార్డర్ కాడ గాడి సిమ్ము తీస్కో. నీది తీసి పైలంగ దాచుకో. గీ ఫోన్ల ఒక్కటే పడ్తది."

"ఫోన్ గిదే ఉంటదా మరి?"

"ఔ అమ్మా, ఫోన్ గిదే. ఫోన్ ఎందుకు మారుస్తం?"

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను అడిగిందే తప్పు. ఫోను ఇదే అన్నాడు కాబట్టి అత్తమ్మ ఫోనులో ఎప్పటిలాగే నా పేరే పడుతుందనుకున్నాను. పేరు ఫోనుకు ఉంటుందనుకున్నాను గాని సిమ్ముకు ఉంటుందని నాకు తెలియదు. ఇది చదివి మీకు నవ్వు రావచ్చు. నవ్వండి.

బయలుదేరే రోజు అత్తమ్మకు చెప్పాను. "గాడికెళ్లి కూడ రోజు పొద్దుమూకంగ రింగిస్త. ఎత్తకుంటే మంచిగున్నవ్ అనుకుంట."

"గంతే. ఊకె పైసలు తగలెయ్యకు. ధ్యాస దేవుని మీద పెట్టు" అంది.

సరిహద్దు దగ్గర యాత్ర నడిపే అతను అందరి గుర్తింపు కార్డులు తీసుకుని వెళ్లి సిమ్ములు తెచ్చాడు. నా ఫోను వెనక మూత ఊడదీసి అతనే మార్చి ఇచ్చాడు. పాత సిమ్మును కుంకుమ పొట్లంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాను. దీపాల వేళకు రింగ్ ఇస్తాను. అక్కడ మోగుతుంది. ఎత్తదు. నేను చేతులు జోడించి, తల్లిలాంటి మనిషిని చల్లగా చూస్తున్నావు స్వామీ అనుకుంటాను.

బస్సులో నా పక్కన హిమాయత్‌నగర్ నుంచి వచ్చినావిడ కూర్చునేది. పుట్టిల్లు గుంటూరు. రెండు రోజులు చూసి ఉండబట్టలేక అడిగింది. "ఏవండీ, రోజూ ఎవరికండీ అలా రింగిస్తారు? వాళ్లు ఎత్తట్లేదుగా?"

"ఎత్తకుంటేనే మంచిదమ్మా. ఎత్తితే ఫికర్ పడాలె."

"భలే ఉందండీ మీ పద్ధతి! మా ఆయనైతే నేను మూడో రింగులో ఎత్తకపోతే ఊరంతా లేపేస్తారు."

బస్సంతా నవ్వారు. యాత్ర నడిపే అతను ముందు సీటు నుంచి తిరిగి, "అమ్మని చూసి నేర్చుకోండ్రి. మీరంత మాటలకే ఖతం చేస్తున్రు రీచార్జి" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. చదువుకోనిదాన్ని, ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య ఒక తెలివైన పని చేస్తున్నానని. ఆ గర్వం తలచుకుంటే ఇవాళ్టికీ నోరు చేదవుతుంది.

నాంపల్లిలో దిగి ఇంటికి వస్తే ఇస్త్రీ ఆమె తాళం పట్టుకుని గుమ్మంలో ఉంది. గూట్లో అత్తమ్మ ఫోను. గూటి పైన గోడకు అంటించిన కాగితం మీద ఆమె గుండ్రటి అక్షరాలు: కొత్త నంబరు ఎత్తరాదు.

ఆ కాగితం నా వల్ల వచ్చిందే. యాత్రకు రెండు నెలల ముందు ఎవరో బ్యాంకు నుంచి అని ఫోను చేసి అత్తమ్మను మాటల్లో పెట్టారు. ఇంకా ఏమీ చెప్పకముందే నేను వచ్చాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఆమె మీద అరిచాను. పెద్దదాన్ని పట్టుకుని, "నీకు బుద్ధి ఉన్నదా? తెల్వని నంబరొస్తే ముట్టకు, ఎవడు సచ్చినా సరే" అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను.

ఇస్త్రీ ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. నేను వెళ్లిన నాలుగో రోజు అత్తమ్మకు జ్వరం వచ్చింది. మర్నాటికి ఆయాసం. ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది తనే. బండి మూసుకుని మూడు రోజులు పక్కన కూర్చుంది.

"బిడ్డకు కలుపు, ఒక్కసారి కలుపు అన్నదక్కా. కలిపిన. బంద్ ఉన్నదని వస్తది. నీ రింగ్ గూడ వస్తలేదని రోజు చూసుకునేది. పేరు పడ్తలేదు, బిడ్డకేమైందో అన్నది. పొద్దుమూకంగ మాత్రం ఎవడో చేసేటోడు. ఏదో పెద్ద నంబర్. ఒక్కసారి ఎత్తు పెద్దమ్మా, చూద్దాం అన్న. వద్దే, దొంగోడు, బిడ్డ వద్దన్నది అన్నది. నేనూ దొంగోడే అనుకున్ననక్కా. నాకేం తెల్సు?"

నేను పర్సులోంచి నేపాల్ సిమ్ము కవరు తీశాను. దాని మీద నంబరు రాసి ఉంది. ఇద్దరం అత్తమ్మ ఫోనులో చూశాం. అదే నంబరు, వరసగా. ఆమె పోయిన రోజు సాయంత్రం కూడా ఉంది. అప్పటికి ఫోను తాళం వేసిన ఇంట్లో ఈ గూట్లోనే ఉందట. ఎవరూ లేని ఇంట్లో మోగింది. అక్కడ కొండ మీద నేను కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.

ఇస్త్రీ ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. "పైసలు మిగిలినయ్" అన్నాను. ఆమె నా నోరు చేత్తో మూసింది.

ఆమె రుణం తీర్చుకోలేనిది. ఆఖరి మూడు రోజులు అత్తమ్మ చెయ్యి ఒక మనిషి చేతిలో ఉంది, ఆ మనిషిని పంపినందుకు దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. అది మనస్ఫూర్తిగా చెప్తాను. కాని ఆ కొండల్లో సాయంత్రం సాయంత్రం పెట్టుకున్న దండాలున్నాయే, వాటిని ఏం చెయ్యాలో తెలియదు. అవి అబద్ధం కాదు, నిజం కూడా కాదు. ఇంకెవరైనా చెప్పగలిగితే చెప్పండి. మా పూజారిగారిని అడిగితే భగవంతుడికి అన్నీ తెలుసమ్మా అన్నారు. తెలిస్తే అత్తమ్మకు ఒక్క మాట చెప్పి ఉండకూడదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

యాత్రలకు వెళ్లేవాళ్లు ఖర్చు ఎలా తగ్గించుకున్నావని నన్ను అడుగుతుంటారు. సిమ్ము మార్చండి, తప్పు లేదు. మార్చిన నంబరుతో మొదటి ఫోను ఇంటికే చెయ్యండి, ఎవరో ఒకరు ఎత్తి మీ గొంతు వినేదాకా చెయ్యండి, యాత్ర నడిపేవాళ్ల నంబరు ఇంట్లో రాసి పెట్టి వెళ్లండి. నాకు తెలిసింది ఇంతే.

ఇది చదివినవాళ్లను ఒకటి అడుగుతాను. మా అత్తమ్మను మీరు ఎరగరు. ఆయాసంతో మంచంలో ఉండి, నా గొంతు కోసం ఎదురుచూస్తూ, చేతిలో ఫోను మోగుతుంటే నేను వద్దన్నానని ఎత్తకుండా ఉన్న మనిషి ఆమె. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఎప్పుడైనా ఒక్కసారి ఆమెను తలచుకోండి.